పెనానికి సొట్టలు

ఆదివారం పొద్దున టమాటాలు, గుడ్లు వేసి మెనెమెన్ చేయడం రుష్తూ వంతు. వారంలో ఆయన వంటింట్లో చేసే పని అదొక్కటే. దానికే ఇల్లంతా తనే మోస్తున్నంత హడావుడి. ఆ రోజు పెనం పొయ్యి మీద కుదురుగా కూర్చోలేదు. తిప్పి చూస్తే అడుగంతా సొట్టలు.

కింద పడితే ఒక సొట్ట పడుతుంది గానీ ఇన్ని ఎలా పడ్డాయో అంతుబట్టలేదు. కాసేపు ఆలోచించి, పెనం పట్టుకుని తిన్నగా కూతురి గదిలోకి నడిచాడు.

"ఏమిటే ఇది?"

లా చదువుతున్న ఎజ్గీ తలెత్తింది. "పెనం, నాన్నా."

"వేళాకోళాలొద్దు. సర్కారు మేయర్ని దించేసిందని జనం కిటికీల్లో నిలబడి గిన్నెలు వాయిస్తున్నారట. టీవీలో చూశాను. మన వీధిలో చడీచప్పుడూ లేదని సంతోషిస్తున్నా. నువ్వు మొదలుపెట్టావన్నమాట!"

ఎజ్గీ వింతగా చూసింది. "మన వీధిలో చప్పుడు లేదా?"

"మాట మార్చకు. జీవితమంతా రిజిస్ట్రీ ఆఫీసులో పనిచేశాను. సర్కారంటే మనకి తండ్రి. ఏం చేసినా కారణం ఉంటుంది. ఇవాళ పెనం వాయిస్తావు, రేపు రోడ్డెక్కుతావు, ఎల్లుండి పోలీసు స్టేషన్లో తేలతావు. చదివింది చాలు. సామాను సర్దుకుని కోన్యాలో మీ అత్త దగ్గరికి పో!"

"నేను ముట్టుకోలేదు. ఒట్టు, నాన్నా."

"అబద్ధం."

ఎజ్గీ కళ్ళు నిండిపోయాయి. "ముక్కూ మొహం తెలియని అంకారా సర్కారు వాళ్ళు చెబితే కారణం కూడా అడక్కుండా నమ్ముతావు. కన్నకూతురు ఒట్టేసినా నమ్మవు!"

"దాన్నేమీ అనకండి. వాయించింది నేను."

టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఎజ్గీ తల్లి నెబాహత్. పెళ్ళయ్యాక మొగుడి మాటకి ఎదురు చెప్పి ఎరగని మనిషి.

"నువ్వా? నీకేం పోయేకాలం?"

"ఆ మేయర్‌కి ఓటు నా చేత్తో నేను వేశాను. అదేమైందని అడగాలనిపించింది. ఎవర్నడగాలో తెలియలేదు. పెనం కనిపించింది."

"మరి నాకెందుకు వినపడలేదు?"

తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకున్నారు. "సాయంత్రం వార్తలవ్వగానే చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేస్తారుగా," అంది నెబాహత్ మెల్లగా. "వారం నుంచీ రోజూ ఆ తర్వాతే వీధంతా మోగిపోతోంది. ఎదురింటి హాజీ గారు కూడా వాయిస్తున్నారు."

ఆ పూట మెనెమెన్ ఎవరూ చేయలేదు.

సాయంత్రం వార్తలయ్యాక ఆయన చెయ్యి అలవాటుగా చెవి దాకా వెళ్ళి ఆగింది. ఏం వినపడుతుందో చూద్దామనిపించింది. ముందు ఎక్కడో ఒక గరిటె. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత వీధి వీధంతా. కిటికీ దగ్గరికెళ్తే ఎదురుగా హాజీ గారు, బోడి తల ఊపుకుంటూ టీ కెటిల్ మూత మోగిస్తున్నారు. ఇన్నాళ్ళూ ఇంతమంది అడుగుతుంటే తను హాయిగా కునుకు తీశాడు. సిగ్గేసింది.

వెనక నెబాహత్, పెనమూ ఇనప గరిటే పట్టుకుని, ఆయన ఏమంటాడోనని నిలబడి ఉంది. పక్కన ఎజ్గీ.

రుష్తూ వంటింట్లోకెళ్ళి, వెతికి వెతికి చెక్క గరిటె తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "దీంతో కొట్టు. ఇనప దాంతో కొడితే సొట్టలు పడతాయి."

తర్వాత కూతురి తల మీద చెయ్యి వేశాడు. "నమ్మాల్సింది తల్లీ. తప్పు నాదే."

"ఇప్పుడు వినపడుతోందా నాన్నా?" ఆ మోతలో ఎజ్గీ గొంతెత్తి అడిగింది.

"అరవకే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అంతా వినపడుతోంది."