దూత తలపాగాలో ఉత్తరం

ఆ కాలేజీ ఆడిటోరియంలో స్టేజీ కింద ఒక గది ఉంది. పాత నాటకాల సామాన్లు పడేసే గది. పగలు పదిమంది కలిసి దిగినా, ఎవరో ఒకరు "పదండ్రా, పోదాం" అనేస్తారు. చీకటిపడితే ఇక చెప్పక్కర్లేదు. లోపల ఎవరో కాగితం మడతపెడుతున్న చప్పుడు వస్తుందని వాచ్‌మన్ ఒట్టేసి చెబుతాడు.

వాచ్‌మన్‌కేం, గోరంత వింటే కొండంత చెబుతాడు. కానీ ఇది, ఆ ఆడిటోరియంలో లైట్లు చూసే లైట్ల బాబాయి చెప్పిన సంగతి. ఆయనకి నాటకాల మేడం స్వయంగా చెప్పుకుందట.

నాటకాల మేడం అక్కడే చదువుకుని, అక్కడే పాఠాలు చెబుతూ, ఏటా పిల్లల చేత నాటకం వేయించే ఆవిడ. చదువుకునే రోజుల్లో, రాజుల కాలం నాటి ప్రేమ నాటకంలో రాకుమారి వేషం ఆవిడదే. రాకుమారుడి ఉత్తరం పట్టుకొచ్చే దూత వేషం ఆవిడ క్లాసు కుర్రాడిది. నోట్లో నాలుక లేని మనిషి. వేషమూ అలాంటిదే... రెండు మాటలు, మూడు దండాలు.

నాటకం ఆడిన రాత్రే అతను ఆ గదిలో ప్రాణం తీసుకున్నాడు.

పరీక్ష పోయిందని అన్నారు. మేడం ఆ మాటే పట్టుకుని ఇరవై రెండేళ్లు నెట్టుకొచ్చింది. తెర పడ్డాక అతను తన వంక చూసిన చూపు మాత్రం మరిచిపోలేదు. 'నా వల్ల కాదు... నా వల్ల అయ్యుండదు' అని రాత్రిళ్లు మందు వేసుకున్నట్టు అనుకుని పడుకునేదట.

ఈ ఏడు మళ్లీ అదే నాటకం ఎత్తుకుంది. వేషాలతో చివరి రిహార్సల్. బయట చీకటిపడింది. చూస్తే దూతకి తలపాగా లేదు.

"కింద పాత ట్రంకుపెట్టెలో ఉంటుంది. వెళ్లి తీసుకురా."

"ఆ గదికా మేడం? మా అమ్మకి నేనొక్కడినే మేడం!"

అందరూ నవ్వారు. ఒక్కరూ కదల్లేదు.

"సరే, మీరు ఉత్తరం సీను మొదలుపెట్టండి. నేనే తెస్తాను," అని మేడం ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగింది.

లోపల దుమ్ము వాసన. నెత్తి మీద చెక్కలపై పిల్లల అడుగులు దబదబమంటున్నాయి. పెట్టె అడుగున తలపాగా దొరికింది. నలిగిపోయింది కదా, మళ్లీ చుడదామని విప్పింది—

మడతల్లోంచి ఒక కాగితం జారిపడింది.

నాటకంలో ఉత్తరం అది. అప్పట్లో రిహార్సళ్లకి ఎవడో ఒకడు దాని మీద పిచ్చి జోకులు రాసిపెట్టేవాడు, రాకుమారి నవ్వితే చూడాలని. ఒకసారి నవ్వి, అందరి ముందూ తిట్లు తింది. అప్పట్నుంచీ కాగితం మీద చూపు ఆనించి, అక్షరం చదవకుండా, కంఠతా వచ్చిన మాటలు అప్పజెప్పేది. ఆ రాత్రీ అంతే.

లైటు దగ్గరపెట్టి చదివింది.

"ఇది నాటకం కాదు. నువ్వంటే నాకు ప్రాణం. ఎదురుగా అడిగే ధైర్యం లేదు. ఇష్టమైతే ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో. లేకపోతే నాటకంలో లాగే మడిచి నా చేతికిచ్చెయ్. ఇంకెప్పుడూ అడగను."

మేడం మళ్లీ మొదట్నుంచీ చదివింది. రాకుమారి ఉత్తరం మడిచి దూతకి తిరిగివ్వాలి... ఇచ్చింది. చిరునవ్వుతో ఇచ్చింది. అలా నవ్వమని నేర్పారు మరి.

చదివుంటే ఉంచుకునేది. ఆ దూత స్టేజీ మీదికొచ్చే ఘడియ కోసం ఆవిడ రోజూ ఎదురుచూసేది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"ఉంచుకుంటాను..." అందట. "వింటున్నావా? ఉంచుకుంటాను."

వెనక ఎవరో ఊపిరి పీల్చారు. చాలా దగ్గరగా.

భయం వెయ్యలేదట. ఏడుపొచ్చిందట. కాగితాన్ని గుండెకి అదుముకుంది.

సరిగ్గా అప్పుడే, పైన చెక్కల మీద ఈ ఏటి దూత కుర్రాడి గొంతు ఖంగుమంది—

"దేవీ! తమ జవాబు సెలవివ్వండి!"

రెండు నెలలుగా రాకుమారి వేషం వేసే పిల్లకి పదేపదే చేసి చూపించిన సీను. మనసు వద్దనేలోపే ఒళ్లు వెనక్కి తిరిగింది. చేతులు కాగితాన్ని మడిచేశాయి. కుడిచెయ్యి ముందుకి చాపేసింది—

"వద్దు!"

అప్పటికే చీకట్లోంచి ఎవరో దాన్ని అందుకున్నారు. మెల్లగా... మర్యాదగా...

కేక విని లైట్ల బాబాయి పరుగెత్తుకొచ్చేసరికి మేడం ఖాళీ చెయ్యి చాపుకునే నిలబడి ఉంది. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"మళ్లీ ఇచ్చేశాను బాబాయ్," అందట. "మళ్లీ ఇచ్చేశాను."