నలభై ఏడో పేజీ

“పొరుగు దేశంతో వ్యాపార ఒప్పందంలో నలభై ఏడో పేజీ ఎవరో మార్చేశారు,” అన్నాడు చీఫ్. “అసలు పేజీ నెమలి దగ్గరుంది. పదకొండింటికి మంత్రుల సంతకాలు. ఇప్పుడు పదిన్నర.”

నెమలి అంటే పోటీ దేశపు ముఠా దుబాసీ వేషంలో దించిన సొగసుకత్తె. జీతం రెండు దేశాలది, సెంటు మూడో దేశానిది.

“తాళాల సంగతేమైనా ఉందా సార్ అందులో?” అన్నాడు ఏజెంట్ పదకొండు. తాళాల ఫ్యాక్టరీలో ఆకురాయితో తాళంచెవులు అరగదీసి అతన్ని చదివించిన అక్క ఇంకా అక్కడే ఉంది.

“మోసే కాగితం చదవకూడదు. మన మొదటి రూలు మర్చిపోయావా? దొంగ పేజీ కాల్చెయ్, అసలుది కుట్టెయ్.”

పది నలభైకి ఖాకీ కోటు, చెవి వెనక సూది, చేతిలో బంకసీసాతో బైండరొకడు దుబాసీల గదిలోకి వెళ్ళాడు. మరు నిమిషానికి నెమలి చేతికి బేడీ, బేడీకి కుర్చీ. ఆమె పెట్టె తాళం హెయిర్‌పిన్నుతో ఊడింది. అక్క నేర్పిన విద్య అది.

నెమలి పకపకా నవ్వింది. “పిచ్చి నాయనా! మేం పెట్టిన పేజీలో మీ తాళాలకు పదేళ్ళ రక్షణ ఉంది. మీ వాళ్ళు రాసిందాంట్లో రేపే సుంకం సున్నా.”

“మా మీద అంత ప్రేమేంటో!”

“ప్రేమా దోమా! ఆ పొరుగు దేశపు చవక సరుకు దిగితే మీ ఊళ్ళో మా తాళాలెవరు కొంటారు?”

అబద్ధాలే ఆమె వృత్తి కదా అనుకుని అతను అసలు పేజీతో ఒప్పందం దగ్గరికి పరుగెత్తాడు.

పది యాభై ఆరు. దొంగ పేజీ లైటరు మంటలో బూడిదైంది. అసలు పేజీ కుడుతుంటే కన్ను తప్పు చేసింది. ‘తాళాలు, తాళంచెవులు: సుంకం సున్నా. అమలు రేపటి నుంచి.’

సూది ఆగింది.

“ముడి వెయ్యి, పదకొండూ,” చెవిలో చీఫ్ గొంతు. భుజం మీద ఇద్దరు గార్డుల ఊపిరి.

ముడి వేశాడు. మూడు నిమిషాల్లో సంతకాలు, చప్పట్లు.

“సార్, అది మనవాళ్ళే రాశారా?”

“చదివేశావన్నమాట!” చీఫ్ గొంతు తగ్గించాడు. “మూడు నెలలు కూర్చుని రాశారోయ్. వాళ్ళు మన బట్టలు కొనాలంటే మనమూ ఏదో ఒకటి వదులుకోవాలి. తాళాలు వదిలేశాం.”

జేబులో ఫోన్ మోగింది. అక్క.

“చిన్నోడా, టీవీలో చప్పట్లు చూశావా? మాక్కూడా మంచిదేనంటరా! కొత్తగా చేరిన నలుగురికి పని నేర్పమన్నాడు సూపర్‌వైజరు.”

“నేర్పక్కా.”

“గొంతేంట్రా అలా ఉంది?”

“జలుబక్కా.”

శత్రువుల కుట్ర ఆఖరి నిమిషంలో భగ్నమైంది. ఇక సంతకం పెట్టకుండా అతని దేశానికి ఎవ్వరూ హాని చెయ్యలేరు.