అడుగు పొర

ఆదివారం మధ్యాహ్నం. అక్క వాళ్లింట్లో భోంచేసి బావ గదిలో కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది, ఎండ బల్లదాకా వచ్చింది. బావ పోయి నెలన్నరైంది. ఆయన ఆఖరిగా చేసిన పని పంపడానికే అక్క నన్ను పిలిచింది. కంప్యూటర్ తెరిచిస్తూ, "మీ బావ పేరు మీదే వెళ్లాలి రా," అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

బావా నేనూ ఒకే ఓపెన్ సోర్స్ కంటైనర్ సాఫ్ట్‌వేర్‌కి పనిచేసేవాళ్లం. జీతం గీతం ఏమీ ఉండదు, దక్కేదల్లా పేరే. కంటైనర్ అంటే ప్రోగ్రామునీ దానికి కావలసిన సరంజామానీ కలిపి కట్టిన పెట్టె. అది పొరలు పొరలుగా తయారవుతుంది. పై పొరలో ఏదైనా చెరిపేస్తే నిజంగా పోదు, కనబడకుండా పోతుందంతే. అడుగు పొరలో అలాగే పడి ఉంటుంది. జనం చెరిపేశామనుకున్న పాస్‌వర్డులూ పేర్లూ అన్నీ అలా అడుగున మూలుగుతుండేవి. వాటిని వెతికి గీకి పారేసే కోడ్‌ని బావ ఎనిమిది నెలలు కూర్చుని రాశాడు. ఆయన ఆఖరి పని అదే.

మరి నేనో? నాలుగేళ్లుగా వివరణల్లో అక్షరదోషాలు దిద్దుతున్నాను. వచ్చిన మార్పులు చూసి ఆమోదించే పెద్దమనిషిని మేం గడ్డం అంటాం, ఫొటోలో అదొక్కటే కనిపిస్తుంది కాబట్టి. లోపం సరిదిద్దే మంచి ఫిక్స్ ఒక్కటి తెస్తే నన్నూ తన బృందంలోకి తీసుకుంటానని ఎన్నాళ్లుగానో ఊరిస్తున్నాడు.

కీబోర్డు మీద చెయ్యి వేయగానే ఒళ్లు జలదరించింది. ఒకటే జిడ్డు. బావకి గోళ్లు కొరికే అలవాటు, కొరికి కీబోర్డులోకే ఊసేవాడు. పోవడానికి రెండ్రోజుల ముందు బొటనవేలు తలుపులో నలిగి గోరు మొదట్లో రక్తం గడ్డకట్టింది. ఆ వేలు కూడా వదల్లేదు మహానుభావుడు. ఛీ. కీబోర్డు బోర్లించి తట్టాను. పసుపు తిరిగిన ముక్కలు జలజలా రాలాయి. ఒకటి నా అరచేతికి అంటుకుని ఓ పట్టాన రాలేదు. స్పిరిట్ పోసి సందు సందునా రెండుసార్లు తుడిచాను.

అంతా శుభ్రమయ్యాక, బావ తన కోడ్‌ని కట్టి ఉంచిన పెట్టె తెరిచి, రాసినవారు అన్నచోట బావ పేరు చెరిపేసి నా పేరు పెట్టాను. పోయినవాడికి పేరెందుకులే అనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను. పంపేశాను.

గడ్డం పది నిమిషాల్లో జవాబిచ్చాడు. బాగుందన్నాడు, కానీ ఇదే కోడ్‌ని నేను పంపిన పెట్టె మీదే నడిపి ఫలితం చూపించమన్నాడు. నడిపాను. అడుగున ఒకటి దొరికిందని వచ్చింది. తెరిచి చూస్తే బావ పేరు. ఇందులో భయపడేదేముంది, పొరల సంగతే అంత అనుకుని గీకెయ్యమన్నాను. శుభ్రం అని వచ్చింది. దాన్నే గడ్డానికి పంపించాను.

వేళ్ల కింద ఏదో కరకరలాడింది.

గోరు ముక్క. తడిగా ఉంది.

దులిపి, ఎందుకైనా మంచిదని మళ్లీ నడిపాను. ఈసారి రెండు దొరికాయి. రెండూ ఆయన పేరే. గీకాను. నాలుగొచ్చాయి... గీకినకొద్దీ పేర్లు, పేర్ల వెంట కీబోర్డు సందుల్లోంచి గోళ్లు పైకి తేలుతున్నాయి, ఉమ్ముతో మెరుస్తూ. పాచినోటి వాసన గుప్పుమంది. పట్టపగలు, అంత ఎండలో. నా వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి.

కటుక్.

చెవి పక్కనే. పళ్ల కింద గోరు విరిగిన చప్పుడు.

కటుక్... కటుక్...

గిర్రున తిరిగాను. ఎవరూ లేరు. తెర మీద మాత్రం గడ్డం సందేశం మెరిసింది. కోడ్‌ని నా పేరు మీదే సాఫ్ట్‌వేర్‌లో కలిపేశాడట, ఇకనుంచి నేనూ వాళ్లలో ఒకణ్ణట. ఇది మా బావ పని అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"అచ్చం మీ బావలాగే," అంది మెల్లగా. "ఇందాకట్నుంచి కొరుకుతూనే ఉన్నావేంట్రా?"

నేనా, లేదక్కా అనబోయాను. నోటినిండా ఏదో ఉంది. అరచేతిలోకి ఉమ్మాను... గోళ్లు. గబగబా నా చేతులు చూసుకున్నాను. పది గోళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.

అక్క అసహ్యించుకోలేదు. ఆ ఉమ్ములోంచి ఒక ముక్క ఏరి ఎండకి పట్టి చూసింది. దాని అంచున గడ్డకట్టిన రక్తపు నల్లమచ్చ ఉంది.

"ఈ మచ్చ గోరు మొదట్లో కదరా ఉండేది," అంది గుసగుసగా. "చివరిదాకా ఎప్పుడు పెరిగింది?"

నెలన్నర క్రితం, బావ పోయిన రోజు, ఆ చేతిని నేనూ చూశాను, మచ్చ మొదట్లోనే ఉంది. అక్క ఆ ముక్కని గుప్పిట్లో దాచుకుంది.

"మీ బావ పేరు పెట్టావుగా?"

"పెట్టానక్కా," అన్నాను.

నా పళ్ల మధ్య ఇంకోటి విరిగింది.