చల్లటి నీళ్ళ పరీక్ష

“ఆ ముఠావాళ్ళ కంప్యూటర్ మన రహస్య కోడ్‌ని విప్పేస్తోంది. పూర్తిగా విప్పిందంటే సరిహద్దు అవతల మనవాళ్ళంతా దొరికిపోతారు. మీ తమ్ముడితో సహా,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక కుర్చీలోంచి లేచాడు. “నేనేం చెయ్యాలి సార్?”

“ప్రాసెసర్ కాగిపోతోంది. పెద్ద ఫ్యాన్లు పెడితే మోత వీధంతా వినిపిస్తుంది. నీళ్ళతో చల్లబరిచే కూలింగ్ బ్లాక్ కొనబోతే మన కంట పడతారు. అందుకే చేత్తో చేసిపెట్టే మెకానిక్‌ని వెతుక్కుంటున్నారు. వెళ్ళి చేసిపెట్టు.”

పెట్టుడు మీసంతో పిచ్చుక ముఠా షెడ్డులో దిగాడు. రాగిపలకను గరుకు కాగితం మీద మెరిసేదాకా రుద్దాడు. నీళ్ళు పారడానికి డ్రిల్‌తో కాలవలు తొలిచాడు. మూత పెట్టి చుట్టూ సోల్డర్ చేశాడు. ఒక్క మూల మాత్రం మైనం నింపి, పైన వెండిరంగు పూశాడు. చల్లటి నీళ్ళకి అది చెక్కుచెదరదు. వేడెక్కితే కరిగి కారిపోతుంది.

బిగించే ముందు లీక్ టెస్ట్. కింద కాగితం పరిచి, బ్లాక్‌లో చల్లటి నీళ్ళు తిప్పడం, ముఠాలో అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ పని. ఆవిడ నవ్వితే ముఠా నాయకుడు బాస్ కూడా సిగరెట్ ఆర్పేసేవాడు.

కాగితం తడవలేదు. కానీ ఆవిడ వేలు ఆ మూల దగ్గర ఆగింది. గోటితో గీకింది. వెండిరంగు ఊడి మైనం బయటపడింది. పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ గోరు తుడుచుకుంది. “ఎక్కడా లీకు లేదు బాస్. పూచీ నాది. పెట్టించెయ్యండి.”

మెషిన్ మొదలైంది. తెర మీద, విప్పిన కోడ్ తొంభై ఏడు శాతం... తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది.

అప్పుడు కారింది మైనం. బోర్డు మీద నీళ్ళు, నిప్పురవ్వలు, పొగ. తెర చచ్చిపోయింది.

“టెస్ట్ చేసిందెవరు?” బాస్ అరిచాడు. తుపాకీ ముందు ఆవిడ వైపు తిరిగింది. ఆ సందులో పిచ్చుక గోడ దూకాడు. వెనక తుపాకీ పేలిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

“భేష్! మీ తమ్ముడు క్షేమం,” అన్నాడు చీఫ్.

“ఆ మేడమ్...”

“మన మనిషే. ఐదేళ్ళుగా అక్కడే ఉంది. పాపం, నీ సంగతి ఆవిడకీ తెలీదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మైనం పెట్టేవాడివా?”

పిచ్చుకకు ఒళ్ళు మండింది. పెట్టేవాడు కాదు. అది నిజం కాబట్టి ఇంకా మండింది.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. “బాగా అలిసిపోయావు. సెలవు తీసుకో. ఎన్ని రోజులు కావాలి?”

“ఆవిడ వాడుకోని సెలవులు మిగిలిపోయి ఉంటాయిగా సార్. అన్నీ ఇచ్చెయ్యండి.”