ఎలుగుబంటి కూర్చున్న వంతెన

పూర్వం విశాలగిరి రాజ్యంలో ఒక గొప్ప విద్యాపీఠం ఉండేది. గొప్పదని అక్కడి పండితులే చెప్పుకునేవారు. సేతుశాస్త్రం చదివినవాళ్లు చివరికి మంచిగంధపు చెక్కతో జానెడు వంతెన చెక్కి గురువు ముందు పెట్టాలి. ఆయన దానికి పసుపు కుంకుమలు అద్ది, హారతి పట్టి, 'సేతువిశారద' బిరుదు ఇచ్చేవాడు. దానిమీద బరువు పెట్టి చూడడం మాత్రం మహాపచారం. గురువును శంకించినట్టట! ఆ పండితుల చేతులు తాంబూలం చుట్టడానికి తప్ప మరెందుకూ పనికొచ్చేవి కావు.

అలాంటి రాజ్యం మీద కరాళుడనే రాక్షసుడు వచ్చి పడ్డాడు. ధాన్యం బళ్లు వచ్చే లోయ మీది వంతెనను విరిచేసి, "నా బరువు మోసే వంతెన కట్టండి, దారి వదులుతాను. కూలిందా, కట్టినవాళ్లు రాళ్లైపోతారు!" అన్నాడు. విశారదులు శ్లోకాలు చదువుతూ వెళ్లి, కట్టిన వంతెనలు కూలి, వరసగా రాళ్లయ్యారు. పీఠానికే మొదటివాడైన యువరాజు ప్రియవ్రతుడూ రాయయ్యాడు.

"ముహూర్తం కుదరలేదు," అన్నారు మిగిలిన పండితులు గడ్డాలు దువ్వుకుంటూ.

యువరాజు చెల్లెలు వకుళకు ఒళ్లు మండిపోయింది. ఆమె కూడా అక్కడే చదివింది, ఆమె వంతెనకూ హారతి పట్టారు. అన్నను రాయిగా చూడలేక, తానే వంతెన కడదామని గొడ్డలి పట్టుకుని అడవికి బయల్దేరింది.

దారిలో ఒక ముని ఎదురై, "నువ్వు కట్టిన వంతెనలు ఎన్ని కూలాయి తల్లీ?" అని అడిగాడు.

"ఒక్కటీ కూలలేదు స్వామీ."

"అయితే నీకేమీ రాదన్నమాట. వెదురుపొదల్లో మాట్లాడే ఎలుగుబంటి ఉంది. వంతెన కట్టి దానిమీద దాన్ని కూర్చోబెట్టి చూడు."

ఎలుగుబంటి ఆమెను చూసి పళ్లికిలించింది. "మీవాళ్లు వెదురుకు దండాలు పెట్టి పోయారు. నువ్వేం పెడతావు?"

"నిన్నే పెడతాను మామా, కూర్చో!"

వకుళ వాగు మీద చిన్న వంతెన కట్టింది. ఎలుగు కూర్చుంది, నీళ్లలో పడింది, తిట్టింది. వకుళ మళ్లీ కట్టింది, ఎలుగు మళ్లీ పడింది. చేతులు బొబ్బలెక్కి ఆమెకు ఏడుపొచ్చింది. అయినా కళ్లు తుడుచుకుని కూలినదాన్ని పట్టి చూసింది. వెదురు ఎక్కడా విరగలేదు. నలుచదరపు చట్రాలే పక్కకు ఒరిగిపోయాయి. ఈసారి ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక కర్రను తాళ్లతో బిగించింది. ఎలుగు కూర్చుంది, లేచి గెంతింది.

"ఇక తేనె తెచ్చుకుని ఇక్కడే తింటాను," అంది.

ఎలుగు వెదురు మోస్తుంటే వకుళ లోయ మీద పెద్ద వంతెన కట్టింది.

"శ్లోకం చదవవా పిల్లా?" అని వెక్కిరించాడు కరాళుడు.

"ముందు ఎక్కు!"

రాక్షసుడు ఎక్కాడు. వంతెన కిర్రుమంది. కానీ ఒరగలేదు. వాడు అవతలి గట్టు చేరి, వెనక్కి చూసి, మాట ప్రకారం కొండల్లోకి వెళ్లిపోయాడు.

వాడు పోగానే మాయ విడిపోయి రాళ్లన్నీ మనుషులయ్యాయి. లేచిన విశారదులు తిన్నగా వంతెన నడిమికి వెళ్లి నిలబడి, "ఇది శాస్త్రంలో లేదు, కనుక నిలవదు," అని తేల్చారు.

ప్రియవ్రతుడు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని ఒక ముడిని తడిమి చూశాడు. "చెల్లీ, ఇదెలా వేశావు? నాకు నేర్పవూ?" అన్నాడు. వకుళ ఏడుస్తూ నవ్వుతూ అతని చేతికి తాడు అందించింది.

రాజు విద్యాపీఠాన్ని వకుళకు అప్పగించాడు. పండితులు అలిగి పొరుగు రాజ్యానికి వెళ్లిపోయారు. వెళ్లడానికి మాత్రం ఆ వంతెనే ఎక్కారు.