మొదటి గుక్క

"నీళ్లు మరిగాయా?" బెంచీ మీద కూర్చున్న మనిషి నది వైపే చూస్తూ అడిగాడు.

"మరిగిన నీళ్లు ఆకుకి పనికిరావు," అంది నెలిడా.

కోడ్ సరిపోయింది. అయినా ఆమె వెంటనే కూర్చోలేదు. విల్మార్ గొంతు ఇవాళ కాస్త బొంగురుగా ఉంది. జలుబు కావచ్చు, అతని వేషంలో ఉన్న ఇంకెవరో కావచ్చు. ముప్పై ఏళ్లుగా తనకి బాస్‌గా ఉన్న మనిషి చెవి వెనక పుట్టుమచ్చ చూసుకున్నాకే పక్కన కూర్చుంది.

"నన్ను కూడా అనుమానిస్తావేం?"

"ముందు నిన్నే అనుమానించాలి. నా ఇంటి అడ్రసు తెలిసింది నీకొక్కడికే."

విల్మార్ నిట్టూర్చి పనిలోకి దిగాడు. "డాక్టర్ ఇబర్బూరు తెలుసుగా. పన్నెండేళ్లు పరిశోధన చేశాడు. మాతే, కాఫీ, టీ, మనం రోజూ తాగేవాటిలో ఏది క్యాన్సర్‌కి దారి తీయొచ్చు, ఏది తీయదు అని. సాయంత్రం నాలుగింటికి రేడియోలో చదువుతున్నాడు."

"తప్పు ఆకుది కాదు, వేడిదే అంటాడట."

"అవును. నీళ్లు అరవై అయిదు డిగ్రీలు దాటితే గొంతుకి ముప్పు పెరగొచ్చు, చల్లార్చి తాగండి అంటాడు. ఆ అంకె బయటికి రాకూడదని ఒక విదేశీ ముఠా మాంటెవిడియోలో దిగింది. దొంగ రిపోర్టు రాసి పెట్టుకుంది. వేడైనా చల్లదైనా ఒకటే, ఆకే విషం అని. జనం హడలిపోయి మాతే మానేస్తే, వాళ్ల డబ్బా పానీయం అమ్ముకోవచ్చని."

నెలిడా భర్త అన్ననాళపు క్యాన్సర్‌తో పోయాడు. నలభై ఏళ్లు కాగే కెటిల్‌లోంచే ఆకు మీద నీళ్లు పోసుకుని, గొట్టంతో మాతే పీల్చిన మనిషి. దానివల్లేనని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇప్పుడు కొడుకు గాస్టోన్ అచ్చం అలాగే. సిటీ బస్సు డ్రైవరు. నాలుక కాలితే ఉఫ్ అని ఊది మళ్లీ పీలుస్తాడు. నిన్న పొద్దున కూడా ఇదే గొడవ. "నీ భయాలకి అంతు లేదమ్మా. ఎవరైనా డాక్టరు ఒక అంకె చెప్పమను, వింటాను," అన్నాడు.

ఆ అంకెనే మాయం చేయబోతున్నారు. వేడైనా చల్లదైనా ఒకటే అని వింటే వాడు చల్లార్చడు. పోనీ మానేస్తాడా అంటే, ఈ దేశంలో మాతే మానేసినవాణ్ని ఆమె ఇంతవరకు చూడలేదు.

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు విల్మార్. "పేరు ఒడీల్. ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది. డాక్టరు దగ్గర సెక్రటరీగా పెట్టించాం. ఆమెని నమ్ము."

"డబుల్ ఏజెంటా?"

"మన డబుల్ ఏజెంటు."

"వాళ్లూ అలాగే అనుకుంటూ ఉంటారు."

అతను చంకలోని ఫ్లాస్కు తీసి చేతికిచ్చాడు. మూతలో చిన్న థర్మామీటరు ఉంది. మీట నొక్కితే నీళ్ల వేడి అంకెల్లో కనిపిస్తుంది.

"ఇదేనా ఆయుధం?"

"తుపాకీ ఇస్తే పద్నాలుగు ఫారాలు నింపాలి నెలిడా."

మూడున్నరకి ఆమె నీలం ఏప్రన్ కట్టుకుని, ఒక చేత్తో తుడుపుకర్ర, ఇంకో చంకలో ఫ్లాస్కుతో రేడియో భవనంలో అడుగుపెట్టింది. ఈ ఊళ్లో మాతే నీళ్ల ఫ్లాస్కు పట్టుకున్నవాళ్లని ఎవరూ ఆపరు. లిఫ్టు ఎక్కలేదు. మధ్యలో ఆగిపోతే? బల్ల మీద పెట్టిన బన్నులు ముట్టలేదు. పంచదార మరీ తెల్లగా ఉంది. సౌండ్ ఇంజనీరు ఆమెని చూసి నవ్వాడు. ఊరికే ఎందుకు నవ్వుతాడు?

స్టూడియో వెనక గదిలో డాక్టర్ ఇబర్బూరు కాగితాల్లో తల దూర్చి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటున్నాడు. పక్కన ఒడీల్. ఎర్ర కోటు, ఒక్క వెంట్రుక కూడా చెదరని జుట్టు, గది నిండా ఆమె సెంటు వాసన.

"నీళ్లు మరిగాయా?" నేల తుడుస్తూ మెల్లగా అడిగింది నెలిడా.

"మరిగిన నీళ్లు ఆకుకి పనికిరావు అక్కా." ఒడీల్ నవ్వింది. "భయపడకండి, అంతా నేను చూసుకుంటున్నాను. తక్వారెంబో పశువుల మేత భూముల్లో పుట్టి పెరిగినదాన్ని. పాలు మానేసిందే మాతేతో."

కోడ్ సరిగ్గానే ఉంది. ఊరూ సరిగ్గానే ఉంది. అన్నీ ఇంత సరిగ్గా ఉండటమే నెలిడాకి నచ్చలేదు.

నాలుగుకి మూడు నిమిషాలు. "గొంతు తడుపుకోండి సార్," అంటూ ఒడీల్ సొరబుర్రలో కొత్త ఆకు నింపి, లోహపు గొట్టం గుచ్చి, తన ఫ్లాస్కులోంచి నీళ్లు పోసింది. బుర్రని రెండు చేతులతో ఎంతో వినయంగా డాక్టరుకి అందించింది. ఆయన కాగితాల మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచాడు.

నెలిడా చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది.

మొదటి బుర్ర పోసినవాళ్లదే. నలకా, పొడీ, నోరు వంకర్లు తిరిగే చేదూ అంతా అందులోనే ఉంటాయి. అది తను తాగేసి, రెండోసారి నీళ్లు పోశాకే ఇతరులకి ఇస్తారు. ఈ దేశంలో నాలుగేళ్ల పిల్లకి కూడా తెలిసిన మర్యాద అది. మేత భూముల్లో పుట్టినదానికి తెలియదా?

"ఆ మొదటిది నువ్వు తాగమ్మా," అంది నెలిడా.

"పెద్దాయన ఉండగా నేనెలా ముందు తాగుతాను అక్కా?"

గొట్టం డాక్టరు పెదవికి తాకింది. నెలిడా తుడుపుకర్ర విసిరింది. బుర్ర ఎగిరి గోడకి కొట్టుకుంది, పచ్చటి నీళ్లు కాగితాల మీద చిందాయి.

"నా పేజీలు," అని మూలిగాడు డాక్టరు.

ఒడీల్ నవ్వు మాయమైంది. కోటు జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన ఎరుపు లేదు, సన్నటి రంధ్రం ఉంది. "తాగితే గంటసేపు నిద్రపోయేవాడు. మైకు ముందు మా రిపోర్టు నేను చదివేదాన్ని. ఎవరికీ నొప్పి ఉండేది కాదు. ఇప్పుడు ఇద్దరూ గోడ వైపు జరగండి."

నెలిడా జరగలేదు. తన ఫ్లాస్కు మూత తీసి మీట నొక్కి అంకె చూసింది.

"ఎనభై రెండు," అంది. "గొంతుకి అరవై అయిదు దాటితేనే మంచిది కాదట. మొహానికి ఎంత కావాలో ఎవరూ పరిశోధించలేదు. నాతో మొదలుపెట్టిస్తావా?"

ఒడీల్ చూపు రెప్పపాటు ఫ్లాస్కు వైపు పోయింది. అది చాలు. నెలిడా ఆమె మణికట్టు పట్టి మెలితిప్పింది. లిప్‌స్టిక్ టప్పున పేలి కప్పులో ఒక బల్బుని మాత్రం చంపింది. ఒడీల్ చేతులు ఏప్రన్ తాళ్లతో వెనక్కి కట్టేసరికి స్టూడియో తలుపు మీద ఎర్రదీపం వెలిగింది.

"తడిసిపోయాయి, అక్షరాలు కనిపించవు," అన్నాడు డాక్టరు.

"పన్నెండేళ్లు మీరే రాశారుగా. అరవై అయిదు ఒక్కటీ మర్చిపోకండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు," అని నెలిడా ఆయన్ని లోపలికి తోసింది.

పావుగంటకి విల్మార్ రొప్పుతూ వచ్చాడు. కట్టి ఉన్న ఒడీల్‌ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఈమెని నమ్మమన్నాను కదా నీతో."

"అందుకే నేను ఆమెని ఒక్క క్షణం వదల్లేదు."

అప్పుడే నెలిడా ఫోన్ మోగింది. గాస్టోన్.

"అమ్మా, రేడియో విన్నాను. అరవై అయిదట. సరే, నువ్వే గెలిచావు. థర్మామీటరు కొన్నాను. ఇప్పుడే కొలిచాను, డెబ్భై ఒకటి ఉంది. తగ్గేదాకా ఆగుతున్నాను."

ముప్పై ఏళ్లలో ఏ మిషన్ ముగిశాకా రాని కన్నీళ్లు ఆమెకి ఇప్పుడు వచ్చాయి. ఏప్రన్ అంచుతో తుడుచుకోబోతే అది ఒంటి మీద లేదు. ఫోన్‌లో హారన్ మోత వినిపించింది, వెనకే ఎవరో ప్రయాణికుడు తిడుతున్నాడు.

"ఒరే," అంది నెలిడా, "బస్సు ఆపే కొలుస్తున్నావు కదా?"