ఎరజవాబులు

2081 నాటికి భీమిలి సాగర విశ్వవిద్యాలయంలో పరీక్ష హాలంటే సంత. పిల్లలు భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు, పక్కవాడి తెరలోకి తొంగిచూస్తారు, కబుర్లాడతారు. ఎవరూ ఏమీ అనరు. ఏ ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం రాదు మరి.

పత్రాలు అల్లేదీ, దిద్దేదీ ప్రశ్నకారి అనే సాఫ్ట్‌వేర్. ప్రశ్నల వరస తారుమారు చేయడం పాత కంప్యూటర్లకూ వచ్చు. ఇది మాత్రం మనిషి అంతకుముందు రాసిన పరీక్షలన్నీ చదివి, అతని బుద్ధి ఎక్కడ జారుతుందో కనిపెట్టి, సరైన జవాబు పక్కన అతనికోసమే మూడు ఎరజవాబులు పెడుతుంది.

ఐదేళ్లకోసారి ఆచార్యులకూ ఈ పరీక్ష తప్పదు. ఎక్కువ మార్కులు వచ్చినవారికే ఆ పాఠం చెప్పే హక్కు. కెరటాల భౌతికశాస్త్రం ఇరవై రెండేళ్లుగా చెబుతున్న భానోజీరావుకు ఈసారి నూటికి అరవై ఒకటి వచ్చాయి. ఆయన దగ్గరే చదువుకుని, కెరటాలమీద సొంత సిద్ధాంతం రాసి, ఇప్పుడు తోటి ఆచార్యురాలైన తారకేశ్వరికి తొంభై.

"నీకు తేలిక పేపరు తగిలిందమ్మాయ్," అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

"అయితే నాది మీరు రాయండి మాస్టారూ, మీది నేను రాస్తా. తేలిపోద్ది కదా!"

రాశారు. ఆమె పత్రంలో ఆయనకు తొంభై ఎనిమిది.

"చెప్పానా!" అని బల్ల చరిచాడు. అంతలో ఆమె ఫలితం తెరమీదకు వచ్చింది. ఆయన పత్రంలో ఆమెకూ తొంభై ఎనిమిదే. తారకేశ్వరి ఆయన ముఖం చూసి వెళ్లిపోయింది.

"నాకీ సబ్జెక్టు రాదంటావా?" ఆయన ప్రశ్నకారిని నిలదీశాడు.

"వచ్చు. ఆమె పత్రంలో చూపించారుగా."

"మరి నా పత్రంలో?"

"మీ పాత పరీక్షల్లో ఒక సంగతి కనిపించింది. ఆమె సిద్ధాంతం వచ్చిన చోటల్లా మీరు తప్పు జవాబు పెట్టారు. అందుకే ఈసారి నలభై ప్రశ్నలకు సరైన జవాబు ఆమె వ్యాసాల్లోని మాటల్లోనే రాశాను. ముప్పై తొమ్మిదింటిలో ఆ జవాబునే వదిలేసి వేరేది పెట్టారు. ఎరల అవసరమే రాలేదు."

"ఆవిడ వ్యాసాలు నేను చదవనే లేదు!"

"అన్నీ చదివారు. మూడేసిసార్లు. గ్రంథాలయంలో నమోదై ఉంది."

ఆయన చెవులు వేడెక్కాయి.

"ఆమె మాటలు తీసేసి మరో పత్రం ఇవ్వగలను. నిబంధనల్లో ఒక్క అవకాశం ఉంది. ఇదే చివరిది."

"ఇయ్యి."

మొదటి ప్రశ్న వచ్చింది. కెరటం ఎంత లోతు దగ్గర విరుగుతుంది? మొదటి సంవత్సరం పిల్లలకు ఆయనే నేర్పే పాఠం. కింద నాలుగు జవాబులున్నాయి. ఎందులోనూ తారకేశ్వరి మాట ఒక్కటీ లేదు.

నిమిషాలు గడుస్తున్నాయి. వేలు తెరమీద ఆడుతోంది, ఆనడం లేదు. ఆయన వెతుకుతున్నది సరైన జవాబు కాదు. ఈ నాలుగింటిలో ఆమె అయితే ఏది పెడుతుందో వెతుకుతున్నాడు, దాన్ని వదిలేద్దామని.